బ్యాంకువారి జీవిత బీమా – రైతు అడిగి తెలిసికొనవలసిన సంగతులు

మూడు సంవత్సరముల క్రిందట నారుమడుల కాలములో, గజపతినగరము ప్రాంతపు ఒక గ్రామములో విత్తనశుద్ధి గురించి చెప్పుచుంటిని. సభ ముగిసిన పిమ్మట ఏబది ఏండ్లకు చేరువైన ఒక రైతు అరుగు చివరనుండి లేచి వచ్చి, ప్లాస్టిక్ సంచిలో మడిచి దాచిన కాగితములను నా చేతిలో పెట్టెను. అవి విత్తనముల బిల్లులు కావు, జీవిత బీమా పాలసీ కాగితములు. కొన్ని ఏండ్ల క్రిందట తన ఖాతా ఉన్న ఆంధ్రాబ్యాంకు శాఖలో ఆయన ఆ పాలసీ తీసికొనెను. ఏటేట సంక్రాంతి వెళ్ళిన పిమ్మట శాఖకు పోయి ప్రీమియము కట్టుచు వచ్చెను. ఇంతలో శాఖపై బోర్డు మారి యూనియన్ బ్యాంకు అని వెలసెను. అంతట ఆయన రెండేండ్లు కట్టుట మానివేసెను.

“ఆ బేంకే నేదు కదా బాబూ, మరీ కాయితం ఏటవుద్ది?” అని ఆయన ప్రశ్న.

ఇది వ్యవసాయాధికారి చెప్పవలసిన విషయము కాదని పంపివేయవచ్చును. కాని కాగితములు తిరుగవేసి చూడగా, పాలసీ ఇచ్చినవారుగా అందున్న పేరు బ్యాంకుది కాదు. ఇండియా ఫస్ట్ లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీది. ఆ ఒక్క పేరు చదివి ఉండినచో ఆ ఇంటివారు రెండేండ్లు రక్షణ లేక ఉండెడివారు కారు. ఈ ప్రశ్ననే చీపురుపల్లి వైపునను, బొబ్బిలి వైపునను మరికొందరు నన్ను అడిగిరి. అందుచేత ఈ వ్యాసము.

బోర్డు మారిన కథ

బ్యాంకు, బీమా కంపెనీ ఒకే ఇంటివారు కావుట మన తెలుగుదేశములో క్రొత్త కాదు. బందరు వైద్యులు, స్వాతంత్ర్య సమరయోధులు అయిన డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రాబ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిరి. మనవారి పొదుపు మన ప్రాంతములోనే వ్యవసాయమునకు, వ్యాపారమునకు ఉపయోగపడవలెనని ఆనాటి పెద్దల ఆశయము. 1956లో కేంద్రప్రభుత్వము జీవిత బీమాను జాతీయము చేసినప్పుడు దేశములోని 245 కంపెనీలు, ప్రావిడెంటు సొసైటీల జీవిత బీమా వ్యాపారము ఆ సంవత్సరము సెప్టెంబరు 1న ఏర్పడిన జీవిత బీమా సంస్థ, అనగా ఎల్.ఐ.సి. క్రిందికి వచ్చెను. ఆంధ్రాబ్యాంకును 1980 ఏప్రిల్‌లో ప్రభుత్వము తీసికొనెను.

1999 చట్టముతో ఈ వ్యాపారము మరల ఇతరులకు తెరువబడెను. బీమా కంపెనీలపై అజమాయిషీకి ఐ.ఆర్.డి.ఎ.ఐ. అను నియంత్రణ సంస్థ ఏర్పడెను. దాని ప్రధాన కార్యాలయము హైదరాబాదులోనే ఉన్నది. బ్యాంకులు కూడ విదేశీ కంపెనీలతో కలిసి జీవిత బీమా కంపెనీలు పెట్టసాగినవి. స్టేట్ బ్యాంకు ఒక ఫ్రెంచి సంస్థతో కలిసి 2000లో ఎస్.బి.ఐ. లైఫ్‌ను పెట్టెను. ఫ్రాన్సులో అప్పటికే జీవిత బీమాలో పెద్ద భాగము బ్యాంకు కౌంటర్ల మీదనే అమ్ముడగుచుండెను గనుక వారికి ఈ పద్ధతి అలవాటైనదే. 2009లో బ్యాంక్ ఆఫ్ బరోడా 44 శాతము, మన ఆంధ్రాబ్యాంకు 30 శాతము, ఇంగ్లండుకు చెందిన లీగల్ అండ్ జనరల్ 26 శాతము వాటాలతో ఇండియా ఫస్ట్ లైఫ్ వ్యాపారము ఆరంభించెను. విదేశీయుల వాటా 26 శాతమునకు మించరాదని అప్పటి చట్టము. ఆ విధముగా, 1956లో బీమానుండి విడిపోయిన బందరు బ్యాంకు ఏబది మూడేండ్లకు మరల ఆ వ్యాపారములో అడుగు పెట్టినట్లయినది.

ఆ తరువాత యజమానులు మారిరి. లీగల్ అండ్ జనరల్ తన వాటాను అమెరికాకు చెందిన వార్‌బర్గ్ పింకస్ అను పెట్టుబడి సంస్థకు సంబంధించిన కంపెనీకి అమ్మివేసెను. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రాబ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమయ్యెను. యూనియన్ బ్యాంకునకు అప్పటికే స్టార్ యూనియన్ దాయిచి అను మరియొక జీవిత బీమా కంపెనీలో వాటా కలదు. ఒకే బ్యాంకు రెండు జీవిత బీమా కంపెనీలకు పెద్ద యజమానిగా ఉండరాదు గనుక, ఆంధ్రాబ్యాంకునుండి సంక్రమించిన 30 శాతములో 21 శాతమును 2022లో బ్యాంక్ ఆఫ్ బరోడాకు అమ్మి, 9 శాతము మాత్రము ఉంచుకొనెను.

ఇన్ని వాటాలు చేతులు మారినను, పాలసీదారునికి ఇవ్వవలసిన మాటలో ఒక్క అక్షరమును మారలేదు. అసలు సంగతి ఇక్కడనే ఉన్నది. మీరు డిపోలో విత్తన బస్తా కొందురు. బస్తాపై లేబులు విత్తన కంపెనీది, బిల్లు డిపోవానిది. డిపో మూతబడిన మాత్రమున కంపెనీ బాధ్యత తీరిపోదు. బ్యాంకు ఆ డిపో వంటిది. ఆ డిపోకు కంపెనీలో వాటా కూడ ఉండవచ్చును. అయినను పాలసీపై చెల్లించవలసినది కంపెనీయే గాని బ్యాంకు కాదు.

దీనికి రెండవ వైపు కూడ కలదు. దానిని కౌంటరు వద్ద ఎవరును చెప్పరు. బ్యాంకు డిపాజిట్లకు ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్ల ఇన్సూరెన్సు కార్పొరేషను హామీ కలదు. బ్యాంకులో తీసికొన్నను బీమా పాలసీ డిపాజిట్టు కాదు గనుక ఆ హామీ దానికి వర్తింపదు. పాలసీకి ఉన్న రక్షణ వేరు రకముది: కంపెనీ తన బాధ్యతలపై అదనముగా నియంత్రణ సంస్థ విధించిన మేరకు సొమ్ము ఎల్లప్పుడును నిలువ ఉంచవలెను, లెక్కలు చూపవలెను.

సొమ్ము ఎక్కడినుండి వచ్చును, ఎక్కడికి పోవును

వెయ్యిమంది రైతులు తలకు కొంత కట్టినచో, ఆ ఏడు చనిపోయిన ఇద్దరు ముగ్గురి కుటుంబములకు పెద్ద మొత్తము ఇవ్వవచ్చును. జీవిత బీమా మూలము ఇంతే. ఏ వయస్సువారిలో ఏటా ఎందరు చనిపోవుదురో పట్టికలు కలవు. వాటినిబట్టి ప్రీమియము కట్టుదురు. కంపెనీ ఆ సొమ్మును ఎక్కువ భాగము ప్రభుత్వ ఋణపత్రములు మొదలగు వాటిలో పెట్టి వడ్డీ సంపాదించును. చెల్లింపులు, ఖర్చులు పోగా మిగిలినది లాభము. బ్యాంకునకు ఇందులో రెండు విధముల రాబడి: అమ్మిన ప్రతి పాలసీపై కమీషను, యజమాని అయినచో లాభములో వాటా.

కమీషను తీసికొనుట తప్పు కాదు. ఎరువుల డిపోవానికిని కమీషను కలదు. కాని పంట ఋణము మంజూరు చేసెడివారు, పాలసీ అమ్మెడివారు ఒకే కుర్చీలో కూర్చున్నప్పుడు రైతు కాదనుటకు జంకును. ఒక సంగతి దాచక వ్రాయుచున్నాను. నేను ఉద్యోగములో చేరిన క్రొత్తలో, ఒక బ్యాంకు శాఖలో ఇంటి మరమ్మతులకు అప్పు తీసికొనబోగా, ఏటికి 20,000 రూపాయల పాలసీ కాగితములపై సంతకము పెట్టించిరి. ఐదేండ్ల డిపాజిట్టు వంటిదనిరి. బి.యస్సీ. చదివిన నేనే చదువక సంతకము చేసితిని. ఇంటికి వచ్చి చూడగా పదేండ్లు కట్టవలసినదిగా ఉన్నది. ఒక్క ఏడు కట్టి మానివేసితిని. ఆ 20,000 రూపాయలలో నాకు ఒక్క పైసాయు తిరిగి రాలేదు. చదువుకొన్నవాని గతి ఇట్లున్నప్పుడు వేలిముద్రవారి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు నిబంధనలు కొంత మెరుగైనవి. పాలసీ చేతికి వచ్చిన 30 దినములలోపల నచ్చలేదని వ్రాసి తిరిగి ఇచ్చివేయవచ్చును. స్వల్ప ఖర్చులు పోను సొమ్ము వాపసు వచ్చును. 2024 అక్టోబరు 1 తరువాత నిబంధనల ప్రకారము పొదుపు పాలసీలలో మొదటి ఏటి ప్రీమియము పూర్తిగా కట్టి మానివేసినను కొంత భాగము వచ్చునట్లు ఏర్పాటు జరిగినది. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియములపై జి.యస్.టి. లేదు. అప్పు కావలెనన్నచో పాలసీ తీసికొనియే తీరవలెనని నిర్బంధించుటకు బ్యాంకునకు అధికారము లేదు. “అప్పు సంగతి ముందు చూడండి, పాలసీ సంగతి కాగితము ఇంటికి పట్టుకుపోయి చదివి చెప్పెదను” అని మర్యాదగా చెప్పవచ్చును. అప్పు చేతికి వచ్చిన దినముననే పాలసీ తీసికొనకుడని నా సలహా. ఆ దినమున చేతిలో సొమ్ము కనబడును గాని అది విత్తనమునకు, దమ్ముకు, ఎరువునకు చెందవలసినది.

ఏది తీసికొనవలెను? చనిపోయినప్పుడు మాత్రమే సొమ్ము వచ్చి, బ్రతికియున్నచో ఏమియు తిరిగి రాని పాలసీని టర్మ్ పాలసీ అందురు. “ఏమీ రానిదానికి కట్టుట ఎందుకు?” అని మనవారు దానిని ఇష్టపడరు. కాని తక్కువ ఖర్చుతో పెద్ద రక్షణ ఇచ్చునది అదియే. ఎదిగిన పిల్లలు లేని రైతుకు మొదట కావలసినది ఇదే అని నా అభిప్రాయము. గడువు తీరినప్పుడు సొమ్ము వచ్చు పొదుపు పాలసీలలో ప్రీమియము ఎక్కువ, రక్షణ తక్కువ. షేర్ల బజారుతో ముడిపడిన యూలిప్ పాలసీలలో లాభనష్టములు పాలసీదారునివే. ఐదేండ్లవరకు సొమ్ము తీయ వీలుండదు. బజారు సంగతి తెలియనివారు వాటి జోలికి పోకుండుట మేలు. అప్పుకు జతపరచెడి బీమా మరియొకటి కలదు. అప్పు తీసికొన్నవాడు పోయినచో కంపెనీ మొదట బ్యాంకు బాకీ తీర్చును. ఏమైన మిగిలినచో కుటుంబమునకు ఇచ్చును. భూమిపై బాకీ మిగులకుండును గనుక ఇది మంచిదే. అయితే దాని ప్రీమియమును అప్పులోనే కలిపినారా, దానిపైనను వడ్డీ పడునా అని అడుగవలెను. అసలు పాలసీ బ్యాంకు పేర ఉండును గనుక మీ పేర ఇచ్చెడి సర్టిఫికెట్టును తప్పక తీసికొని ఇంటిలో ఉంచవలెను. అది ఉన్నదని భార్యకు తెలియనిచో అడుగువారే ఉండరు.

మే నెలాఖరు 436 రూపాయలు

ఇక పేదరైతుకు అన్నిటికంటె అవసరమైన సంగతి. 2015 మే 9న ఆరంభమైన ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా క్రింద 18 మొదలు 50 ఏండ్లలోపువారు ఏటికి 436 రూపాయలతో 2 లక్షల రూపాయల జీవిత బీమా పొందవచ్చును. ఏ కారణమున చనిపోయినను వర్తించును. చేరినవారికి 55 ఏండ్లవరకు సాగును. సురక్షా బీమా అను రెండవది ప్రమాదములకు మాత్రమే. దానికి ఏటికి 20 రూపాయలు, వయస్సు 18 నుండి 70. ఈ సొమ్ము బ్యాంకు ఖాతానుండి దానంతట అదే పోవును. ఏ బ్యాంకు ఏ కంపెనీతో ఒప్పందము చేసికొన్నదో ఆ కంపెనీ చెల్లించును. పాసుబుక్కులో “బీమా” అని పడిన ప్రతి ఖర్చు ఒకటి కాదు; పంటల బీమా వేరు, పశువుల బీమా వేరు. 436 పడినదా, 20 పడినదా అని అంకెనుబట్టి చూచుకొనవలెను.

చిక్కు ఎక్కడనగా, ఈ బీమా సంవత్సరము జూన్ 1న మొదలై మే 31న ముగియును. మే నెల చివరి వారములో ఖాతానుండి సొమ్ము తీయుదురు. మన జిల్లాలో అది ఎట్టి కాలమో మీకు తెలిసినదే. వరి సొమ్ము డిసెంబరు, జనవరిలో వచ్చి పండుగకు, పెండ్లిండ్లకు ఖర్చయి ఉండును. పంట ఋణము ఇంకను చేతికి రాలేదు. చెరువు క్రింది రైతుకు మే నెలాఖరున ఖాతాలో వందరూపాయలుండుటయు అరుదు. 436 లేనిచో బీమా తెగిపోవును. తరువాత ఎప్పుడైన చేరవచ్చును గాని, తిరిగి చేరిన దినమునుండి 30 దినములు గడచువరకు ప్రమాదము వలన తప్ప మరి ఏ కారణమున చనిపోయినను సొమ్ము రాదు.

నెల్లిమర్ల వైపు ఒక కుటుంబములో ఇదే జరిగినది. భర్త ఐదేండ్లు వరుసగా బీమాలో ఉండెను. ఆ మే నెలలో ఖాతాలో 310 రూపాయలు మాత్రమే ఉండెను. ఆషాఢములో జ్వరముతో పోయెను. పాసుబుక్కులో ఐదేండ్ల ప్రీమియములు కనబడుచుండెను, ఆరవది లేదు. ఆమె ఆ పుటలు నాకు చూపుచు “మరి ఇవన్నీ కట్టినావి కదండీ” అన్నది. కట్టిన ఐదేండ్లకు ఆ ఐదేండ్లలో రక్షణ ఉండెనని ఆమెకు చెప్పుటకు నాకు నోరు రాలేదు.

కావున సంక్రాంతికి వరి సొమ్ము ఖాతాలో పడినప్పుడే తలకు 500 రూపాయలు కదపకుండ ఉంచుడు. వలస పోయినవారు హైదరాబాదునుండి, చెన్ననుండి మే 20 లోపల ఇంటివారి ఖాతాలను చూడుమని ఫోను చేసి చెప్పవలెను. గ్రామాధికారులు మే రెండవ వారములో ఒక దండోరా వేయించినచో ఎంతో మేలు చేసినవారగుదురు. పెద్ద పాలసీల విషయములోను ఇదే సూత్రము. ప్రీమియము గడువు సంక్రాంతి తరువాత పడునట్లు పాలసీని ఆ నెలలోనే మొదలుపెట్టుడు. ఏడాదికొకసారి కట్టువారికి గడువు దాటిన పిమ్మట 30 దినముల సావకాశము ఉండును. నెలసరి వారికి 15 దినములే.

దాచరాని విషయములు

దరఖాస్తులోని ఆరోగ్యపు ప్రశ్నలకు గుమాస్తా తానే అన్నిటికి “లేదు” అని వ్రాసి సంతకము పెట్టుమనుట కలదు. బి.పి., షుగరు, పూర్వపు ఆపరేషను ఉన్నచో ఉన్నదని వ్రాయించవలెను. పొగాకు ప్రశ్నయు అంతే. మన తీరపు గ్రామములలో ఆడవారు చుట్ట నిప్పు కొనను నోటిలో పెట్టుకొని కాల్చెడి అడ్డపొగ అలవాటు ఎందరికో కలదు. “మా ఆడవాళ్ళు సిగరెట్టు తాగరు” అన్నంత మాత్రమున అది తీరదు, అదియు పొగాకే. పాలసీ మొదలైన మూడేండ్లలోపల చనిపోయినప్పుడు, ముఖ్య విషయములు దాచినారని తేలినచో కంపెనీ చెల్లింపు నిరాకరించవచ్చును. మూడేండ్లు నిండిన పిమ్మట బీమా చట్టము 45వ సెక్షను ప్రకారము పాలసీని ఏ కారణము చేతను ప్రశ్నింపరాదు.

ఇక మరణము సంభవించినప్పుడు. ఇక్కడ పంచాయతీ కార్యదర్శి, గ్రామ రెవెన్యూ అధికారి సాయము లేనిదే పని నడువదు. మరణమును 21 దినములలోపల నమోదు చేయించి ధ్రువపత్రము తీసికొనవలెను. పాలసీ కాగితము, నామినీ ఆధారు కార్డు, నామినీ పాసుబుక్కు కావలెను. పిడుగుపాటు, రోడ్డు ప్రమాదములలో పోలీసు నమోదు, పోస్టుమార్టము జరుగవలెను. దహనము తొందరలో జరిగిపోయిన పిమ్మట ప్రమాద బీమా రుజువు చేయుట దాదాపు అసాధ్యము. పాము కాటు, చెట్టునుండి పడుట వంటివానికి వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోయినట్లు రికార్డు ఉన్నచో సురక్షా బీమాలో దానిని ఆధారముగా తీసికొందురు. తాడిచెట్టు గీతగాండ్లు, పొలములో రాత్రి నీరు కట్టువారు ఎక్కువగా ఉన్న గ్రామములలో ఇది అందరికి తెలియవలసిన సంగతి. మంత్రగాని యొద్దకు పోయినచో ప్రాణమును పోవును, రికార్డును ఉండదు.

కంపెనీకి వ్రాతమూలకముగా ఫిర్యాదు చేసిన 30 దినములలోపల జవాబు రానిచో, లేదా వచ్చిన జవాబు సరికాదని తోచినచో, హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ కార్యాలయమునకు ఒక సంవత్సరములోపల వ్రాయవచ్చును. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. 50 లక్షల రూపాయల వరకు ఆయన తీర్పు చెప్పవచ్చును. ఆ తీర్పునకు కంపెనీ కట్టుబడవలెను. నియంత్రణ సంస్థవారి ఫోను నంబరు 155255.

గజపతినగరము రైతు సంగతి చెప్పలేదు. కట్టుట మానిన రెండేండ్లలో ఆయనకు ఏమియు కాలేదు; అది ఆ ఇంటివారి అదృష్టము. తెగిన పాలసీని మొదటి బాకీ ప్రీమియము నాటినుండి ఐదేండ్లలోపల తిరిగి నిలబెట్టుకొనుటకు వీలున్నది. ఆయన కాగితములతో పాత శాఖకే పోయెను. ఆంధ్రాబ్యాంకు నాటి ఐ.ఎఫ్.ఎస్. కోడు, చెక్కులు 2021 ఏప్రిల్ 1 నుండి చెల్లవు గనుక ఖాతా వివరములు క్రొత్తగా వ్రాయించుకొనెను. బాకీ ప్రీమియములు వడ్డీతో కట్టి, ఆరోగ్య పత్రముపై సంతకము చేసెను. పాలసీ మరల అమలులోనికి వచ్చెను. అప్పుడే నామినీ గడి చూడగా, అందులో చనిపోయి నాలుగేండ్లయిన తల్లి పేరు ఉండెను. భార్య పేరు వ్రాయించి, ఆ కాగితము ఏ పెట్టెలో ఉన్నదో ఈ పర్యాయము ఆమెకు కూడ చూపినాడు.